మా తోడికోడలి స్కేలు

మా ఇంట్లో పాట నాది. వంట ఎవరైనా చెయ్యొచ్చు, ముగ్గు ఎవరైనా వెయ్యొచ్చు. పాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం మా అత్తగారు తల తిప్పి నావైపే చూడాలి. ఇరవై ఆరేళ్ళు అలాగే చూశారు. వ్రతమైతే హారతి పాట, చుట్టాలు వచ్చి భోజనాలయ్యాక చాపల మీద చేరబడితే పాత సినిమా పాట. "మా పెద్దకోడలు పాడుతుందండి" అని ఆవిడ వచ్చినవాళ్ళకి చెబుతుంటే నేను వినబడనట్టు వక్క పలుకులు సర్దుతూ కూర్చునేదాన్ని. ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కిందటి ఆషాఢంలో నేను చేసిన పని విన్నాక నన్ను మరీ రాక్షసి అనుకోకుండా ఉండడానికి. అనుకున్నా నేను చెయ్యగలిగిందేమీ లేదు.

మా తోడికోడలు నాకంటే పదేళ్ళు చిన్నది. మా మరిదితో కలిసి కడియం దగ్గర మొక్కల నర్సరీ నడుపుతుంది. మా అత్తగారు వాళ్ళ దగ్గరే ఉంటారు. మేము రాజమండ్రిలో ఉంటాం. రోజంతా మొక్కల వరుసల మధ్య నిలబడి, ఆ చివర పని చేసేవాళ్ళకి వినబడేలా కేకెయ్యడం ఆమెకు అలవాటు. ఫోన్‌లో మాట్లాడినా అదే గొంతు. నేను ఫోన్ చెవికి జానెడు దూరంలో పెట్టుకుని వినేదాన్ని. ఆ గొంతుకి పాట కూడా వచ్చని పదిహేనేళ్ళపాటు నాకు తెలియదు. ఎవరూ ఆమెను అడగలేదు. నేనుండగా ఎవరు అడుగుతారు?

మాఘమాసంలో మా ఆడపడుచు కూతురి పెళ్ళయింది. పెళ్ళయిన మర్నాడు కొత్తజంటను ఎదురెదురుగా పీటల మీద కూర్చోబెట్టి నలుగు పెట్టిస్తారు కదా, అప్పుడు ఆడవాళ్ళు పాటలు పాడాలి. మర్యాద పాటలు కావు, వేళాకోళం పాటలు. పెళ్ళికొడుకు పేరు, వాళ్ళ అమ్మ పేరు, మేనత్త పేరు అన్నీ పాటలో ఇరికించి ఆట పట్టించాలి. ఆ రోజు నాకు జలుబు చేసి గొంతు పూర్తిగా బొంగురుపోయింది. అత్తగారు నావైపు చూశారు. నేను గొంతు చూపించి తల అడ్డంగా ఊపాను. ఆవిడ అటూ ఇటూ చూసి, సున్నిపిండి గిన్నె పట్టుకుని నిలబడి ఉన్న చిన్నకోడలితో, "ఏదీ, నువ్వో ముక్క అనవే, ఊరికే మూగనోము పట్టినట్టు ఏంటి" అన్నారు.

ఆమె అంది. ఒక ముక్క కాదు, అరగంట అంది. పెళ్ళికొడుకు మీసం దగ్గర మొదలుపెట్టి, వాళ్ళ నాన్నగారి బొజ్జ మీదుగా, విడిదింట్లో టిఫిన్లు సరిపోలేదని అలిగిన వాళ్ళ పెద్దమ్మ దాకా ఎవ్వరినీ వదల్లేదు. పాట కట్టేది అప్పటికప్పుడే. పీట మీద కూర్చున్న పెళ్ళికొడుకు నవ్వు ఆపుకోలేక ముఖం మీద పిండి రాలిపోయేలా నవ్వాడు. అవతలివాళ్ళు ఫోన్లు తీసి పట్టుకున్నారు. సాయంత్రానికి ఆ వీడియో రెండు కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లోనూ తిరిగింది. నేను పదకొండుసార్లు చూశాను. ప్రతిసారీ ఏదో ఒక తప్పు దొరుకుతుందేమోనని చూశాను. తాళం దగ్గర తప్పుతుందేమో, గొంతు జీరపోతుందేమో అనుకున్నాను. ఒక్కటీ దొరకలేదు. ఇరవై ఆరేళ్ళలో నా పాట ఒక్కటైనా ఎవరూ ఎవరికీ పంపలేదే అని నాకు కడుపు మండిపోయింది. వెళ్ళేటప్పుడు వియ్యపురాలు మా అత్తగారితో, "మీ చిన్నకోడలు భలే పాడుతుందండి" అన్నది కూడా నా చెవిన పడింది. అత్తగారు నన్ను పక్కన పెట్టుకుని, "ఔనండి" అన్నారు. "పెద్దమ్మాయి కూడా" అని కలపలేదు.

అప్పటినుంచి నాకు అదొక జబ్బులా పట్టుకుంది. ఫోన్‌లో కరోకే పెట్టుకుని రోజూ సాధన మొదలుపెట్టాను. తెలియనివాళ్ళ కోసం చెబుతాను: కరోకే అంటే పాటలో గాయకుల గొంతు తీసేసి మిగిలిన వాద్యాలు మాత్రం ఉంచుతారు. తెర మీద పాట అక్షరాలు కనబడతాయి. మనం పాడవలసిన చోటు రాగానే అక్షరం రంగు మారుతుంది. రంగు మారితే అందుకోవాలి, మారకపోతే నోరు మూసుకోవాలి. అంతే పని. వంటింట్లో పోపుల డబ్బాకి ఫోన్ ఆనించి, కూర కలుపుతూ, గిన్నెలు కడుగుతూ ఒకే పాటని నాలుగు నెలలు పాడాను. మావారు ఆఫీసుకు వెళ్ళేటప్పుడు అదే పాట, వచ్చేసరికి అదే పాట. ఆయన ఒకరోజు, "ఇంకో పాట ఉండదా?" అని అడిగి, నా ముఖం చూసి, "అంటే, ఇదీ బాగానే ఉంది" అన్నారు. నా స్కేలు ఏదో కూడా కనిపెట్టుకున్నాను. మనిషి గొంతు హాయిగా మొదలయ్యే చోటుని స్కేలు అంటారు, దానికి ఇంగ్లీషు అక్షరాలుంటాయి. నాది ఎఫ్. ఎవరైనా అడిగితే బాగుణ్ణని ఎదురుచూసేదాన్ని. ఎవరూ అడగలేదు.

ఆషాఢంలో అడిగారు. మా వీధి చివర, గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక కల్యాణమండపం ఉంది. ఆషాఢంలో ముహూర్తాలుండవు కాబట్టి నెలంతా దానికి తాళం. పెళ్ళిళ్ళలో వాయించే ఆర్కెస్ట్రా వాళ్ళకి కూడా పనుండదు. మా కాలనీ సంఘంవాళ్ళకి ఈ రెండు ఖాళీల్నీ కలుపుదామని బుద్ధి పుట్టింది. ఆదివారం సాయంత్రం నాలుగింటికి ఓపెన్ మైక్. ఎవరైనా వచ్చి పాడుకోవచ్చు, వెనకాల ఆర్కెస్ట్రా వాయిస్తుంది. పాడదలచినవాళ్ళకి ముందే ఒక ఫారం ఇచ్చారు. అందులో నాలుగు గళ్ళు: పేరు, ఫోన్ నంబరు, పాట, స్కేలు. ఆ నాలుగో గడి చూడగానే నాకు ప్రాణం లేచి వచ్చింది. ఎఫ్ అని పెద్దగా రాశాను.

కడియం ఫోన్ చేసి అత్తగారిని, తోడికోడల్ని నేనే రమ్మన్నాను. పిలవకపోతే పోయేది. కానీ నాకు వాళ్ళిద్దరూ ముందు వరసలో కూర్చుని వినాలని ఉంది. నిజం చెప్పాలంటే అత్తగారు వినాలి, తోడికోడలు చూడాలి. ఆదివారం పొద్దున్నే మొక్కలు మోసే ఆటోలో ఇద్దరూ దిగారు. నాకోసం నందివర్ధనం మొక్క ఒకటి, పనసకాయ ఒకటి తెచ్చారు. భోజనాలయ్యాక బల్ల మీద నా ఫారం చూసి అత్తగారు, "దానికీ ఒకటి తెచ్చివ్వకపోయావా? అదీ ఓ పాట పాడుతుంది" అన్నారు.

"నాకేం వచ్చండి అత్తయ్యగారూ, నలుగు పాటలు తప్ప" అంది తోడికోడలు.

"ఆషాఢంలో నలుగేంటే అని ఎవరైనా అంటే నేను చెబుతాలే. పాడు."

నా దగ్గర ఇంకో ఫారం ఉంది. లేదని చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ మావారు పక్కనే కూర్చుని, "నిన్న రెండు తెచ్చావు కదా" అన్నారు. ఈ మనిషికి ఏది గుర్తుండకూడదో అదే గుర్తుంటుంది. తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె చేతులు పనసకాయ జిగురుతో ఉన్నాయి. "నువ్వే రాసెయ్యక్కా" అంది. పేరు రాశాను, ఫోన్ నంబరు రాశాను, పాట దగ్గర నలుగు పాట అని రాశాను.

"ఆ నాలుగోదేంటక్కా?"

"స్కేలు. నీ గొంతు ఎక్కడ మొదలవుతుందో అది."

"నాకేం తెలుసు? నీకు తెలుసుగా, నువ్వే రాసెయ్యి."

నాకు తెలుసు. పదకొండుసార్లు చూసినదాన్ని, నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? ఆమెది కిందనుంచి వచ్చే నిండు గొంతు. సి అని రాస్తే చక్కగా సరిపోతుంది. నేను జి అని రాశాను. గట్టు మీద నడిచే మనిషిని తాటిచెట్టెక్కి నడవమన్నట్టన్నమాట. వాద్యాలవాళ్ళు అక్కడినుంచి అందుకుంటే మొదటి చరణం లోపలే ఆమె గొంతు కీచుమని తెగిపోతుంది. పెన్ను మూత పెట్టాను. ఆ తర్వాత ఇద్దరికీ టీ పెట్టి ఇచ్చాను, ఆమె కప్పులో పంచదార సరిపోయిందో లేదో కూడా అడిగాను.

మండపంలో నూట యాభై మంది దాకా ఉంటారు. పెళ్ళిపందిరి వేసే అరుగే స్టేజి. కీబోర్డు ఆయనకి అరవై దాటి ఉంటాయి, జుట్టుకి నల్లరంగు బాగా దట్టించాడు. ఆయన వెనకాల డోలక్, ప్యాడ్స్, గిటార్. ఫారాలన్నీ ఆయన ముందు స్టాండు మీద వరసగా పెట్టుకుని, ఒక్కొక్కరినీ పిలిచే ముందు కళ్ళజోడు దించి చూసుకుంటున్నాడు. నా ముందు పాడినవాళ్ళు మామూలుగా పాడారు. రిటైరైన మాస్టారు ఒకాయన రెండో చరణం మర్చిపోయి మొదటి చరణమే రెండుసార్లు పాడితే అందరూ చప్పట్లు కొట్టారు. నేను లోలోపల నవ్వుకున్నాను. నాకు మర్చిపోవడం అనేది ఉండదు. చేతిలో ఫోనుంది.

ఇక్కడే నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. అక్షరాలు రంగు మారకపోతే ఎక్కడ అందుకోవాలో నాకు తెలియదు. నాలుగు నెలల్లో నేను నేర్చుకున్నది రంగులే కానీ పాట కాదు, ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. అందుకని ఏం చేశానంటే, మైకు స్టాండుకి ఉన్న పలక మీద ఫోన్ పెట్టి, కరోకే వీడియోని శబ్దం లేకుండా నడిపించాను. వెనకాల మనుషులు వాయిస్తారు, ముందు ఫోన్‌లో అక్షరాలు చూసుకుంటాను, రెండూ ఒకటే పాట కదా అనుకున్నాను. ఆర్కెస్ట్రా మొదలుపెట్టగానే ఫోన్ మీద వేలు నొక్కాను.

ఫోన్‌లో పాట నడిచే వేగం వేరు, ఆ మనుషులు వాయించే వేగం వేరు. వాళ్ళు తీరిగ్గా మొదలుపెట్టారు. అక్షరం రంగు మారింది, నేను అందుకున్నాను, వెనకాల ఇంకా పల్లవికి ముందొచ్చే సంగీతమే నడుస్తోంది. కీబోర్డు ఆయన గబగబా వాయించి నా పాటని అందుకున్నాడు. పల్లవి ఎలాగో గడిచింది. పల్లవికీ చరణానికీ మధ్య వేణువు ముక్క ఒకటుంది, దాన్ని ఆయన కీబోర్డు మీద ఎంతో ముచ్చటగా సాగదీస్తున్నాడు. నా ఫోన్‌లో అది ఎప్పుడో అయిపోయింది. రంగు మారింది. నేను చరణం ఎత్తుకున్నాను. ఆయన వేణువు మధ్యలో వదిలేసి చరణానికి వచ్చాడు, డోలక్ అతను రాలేదు. నేను వెనక్కి తిరిగి డోలక్ అతన్ని చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఫోన్‌లో రెండు వరసలు ముందుకు పోయాయి. నేను వాటి వెనకాల పరిగెత్తాను, వాళ్ళు నా వెనకాల పరిగెత్తారు. ఆఖరికి కీబోర్డు ఆయన తన మైకు దగ్గరికి వంగి, "అమ్మా, ఫోన్‌ని కాదండి, మమ్మల్ని చూడండి" అన్నాడు.

మండపమంతా వినబడింది. ఎంతో మర్యాదగానే అన్నాడు. నేను ఆయన్ని చూశాను. ఆయన తల ఊపుతూ నాకు సైగ చేస్తున్నాడు, ఇదిగో, ఇక్కడ, ఇప్పుడు. నోరు తెరుచుకుని అలాగే నిలబడ్డాను. డోలక్ మాత్రం కాసేపు ఒంటరిగా మోగి ఆగిపోయింది. చప్పట్లు కొట్టారు. ఆ మాస్టారికి కొట్టినట్టే, అదే జాలితో, ఇంకొంచెం ఎక్కువసేపు కొట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. దిగి వచ్చి అత్తగారి పక్కన కూర్చున్నాను. ఆవిడ నా చెయ్యి మీద చెయ్యి వేసి, "గొంతు బాగానే ఉందమ్మా" అన్నారు. పెళ్ళిచూపుల్లో వద్దనుకున్న పిల్లతో అనే మాట అది.

తర్వాత పేరు మా తోడికోడలిది. ఆమె పైట బిగించుకుని స్టేజీ ఎక్కుతుంటే నాకు ఒకటే ఆశ. నాకంటే ఘోరంగా పాడాలి. జి ఉంది కదా. కీబోర్డు ఆయన కళ్ళజోడు దించి ఫారం చూశాడు, వేలు ఎత్తాడు. ఆ వేలు పడేలోపల ఆమె మొదలుపెట్టేసింది.

మొదలుపెట్టడానికి ఒకరు శ్రుతి ఇవ్వాలని ఆమెకు తెలియదు. నలుగు దగ్గర ఎవరిస్తారు? గొంతు ఎక్కడ హాయిగా ఉంటే అక్కడ ఎత్తుకోవడమే. మొక్కల వరసల మధ్య ఆ చివరికి వినబడే ఆ గొంతుతో, మైకుకి జానెడు దూరంలో నిలబడి, తనకు కావలసిన చోట ఎత్తుకుంది. కీబోర్డు ఆయన చెయ్యి ఎత్తి డోలక్‌ని ఆపాడు. తల వంచి విన్నాడు. ఒక మీట నొక్కి చూశాడు, కాదు, ఇంకొకటి, అదీ. ముఖంలో చిన్న నవ్వు వచ్చింది. రెండో వరసకల్లా ఆయన వాయింపు ఆమె గొంతుతో కలిసింది, నాలుగో వరసకి డోలక్ వచ్చింది, ఆ తర్వాత ఎవరూ ఎవరినీ చూసుకోనక్కర్లేకపోయింది. ఆమె ఆగితే వాళ్ళు ఆగారు. ఆమె తొందరపడితే వాళ్ళు తొందరపడ్డారు. నాకోసం పరిగెత్తి ఆయాసపడిన అదే మనుషులు.

పెళ్ళికొడుకు లేడు కాబట్టి కీబోర్డు ఆయన్నే పెళ్ళికొడుకుని చేసింది. స్టేజీ కిందనున్నవాళ్ళని ఆయన పేరేంటని అడిగి, పేరు పెట్టి, సున్నిపిండి రుద్దితే జుట్టు రంగు ఉంటుందా పోతుందా అని పాటలోనే అడిగింది. ఇంట్లో అమ్మగారికి తెలిసే వేశారా, దాచి వేశారా అంది. జనం కుర్చీల్లో ఊగిపోయారు. ఆయన సిగ్గుపడుతూ వాయిస్తూనే ఉన్నాడు. మా అత్తగారు పమిట నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ, నా చెయ్యి ఎప్పుడు వదిలేశారో వదిలేసి రెండు చేతులా చప్పట్లు కొడుతున్నారు. "ఇంత గొంతు ఇంట్లో పెట్టుకుని ఇన్నేళ్ళూ వినలేదు చూడు" అని ఎవరితోనో అన్నారు. నాతోనే అన్నారనుకుంటాను. పక్కన ఇంకెవరూ లేరు.

నేను చప్పట్లు కొట్టలేదు. కొట్టలేదని ఎవరైనా చూస్తారేమోనని పర్సులో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను. ఒళ్ళంతా మంటగా ఉంది. నా సాధన, నా ఎఫ్, పోపుల డబ్బా మీద నాలుగు నెలలు, అన్నీ ఒకవైపు. ఏమీ నేర్చుకోకుండా, చేతి జిగురు కూడా సరిగ్గా వదలకుండా స్టేజీ ఎక్కిన ఆమె ఒకవైపు. ఆమెకు చెడ్డ చేద్దామనుకుంటే అది కూడా నాకు చేతకాలేదు. అదే అన్నిటికంటే ఎక్కువ బాధ పెట్టింది.

కార్యక్రమం ఆరున్నరకి అయిపోయింది. మేము చెప్పులు వెతుక్కుంటుంటే కీబోర్డు ఆయన ఫారాలు పట్టుకుని మా దగ్గరికే వచ్చాడు. "శ్రావణంలో పెళ్ళిళ్ళు మొదలవుతాయమ్మా. ఇప్పుడు నలుగు పాటలు పాడేవాళ్ళు దొరకడం లేదండి. కబురు చేస్తే వస్తారా?" అని తోడికోడల్ని అడిగాడు. నాకు ఇంకొక పోటు. ఆమె నర్సరీ పనులున్నాయని ఏదో నసుగుతోంది. ఆయన నవ్వి, చేతిలో ఫారం చూపించి, "అది సరే కానీ, ఇందులో జి అని రాశారేంటండి? మీది సుబ్బరంగా సి. మీరు ముందే ఎత్తుకోబట్టి సరిపోయింది గానీ, నేను జి అందుకుని ఉంటే మీ గొంతు పోయేదండి. ఎవరు రాశారమ్మా ఇది?" అన్నాడు.

అత్తగారు నా పక్కనే ఉన్నారు. ఫారం నేను రాస్తుంటే ఆవిడ చూశారు.

"నేనేనండి" అంది తోడికోడలు. "అక్క రాస్తానంటే వినకుండా ఆ గడి నేనే నింపానండి. నాకేం తెలుసండి ఇంగ్లీషు అక్షరాలు, ఏదో ఒకటి ఉండాలి కదా అని పెట్టేశాను."

ఆయన చేతిలో నా ఫారం కూడా ఉంది. రెండింటి మీదా ఒకటే చేతిరాత, ఎఫ్ కీ జి కీ ఒకటే వంపు. ఆయన రెండూ చూశాడు, నన్ను ఒకసారి చూశాడు, మడిచి జేబులో పెట్టుకున్నాడు. అత్తగారు చెప్పులు తొడుక్కుని రోడ్డు వైపు నడిచారు. ఆటో వచ్చింది, వాళ్ళిద్దరూ ఎక్కారు. "వస్తానక్కా" అని ఆమె ఎప్పటిలాగే కేకేసింది. నేను చెయ్యి ఊపాను.

ఆ తర్వాత మూడు వారాలు నాకు నిద్ర, తిండి సరిగ్గా లేవు. చేసిన పనికి సిగ్గుపడుతున్నానని మీరనుకుంటారేమో. సగం అదే. మిగతా సగం మరీ దారుణం. పాట ఎలాగూ తీసుకుపోయింది, ఇప్పుడు మంచితనం కూడా తీసుకుపోయిందని ఏడుపు. నన్ను కాపాడి తను పెద్దదైపోయింది, నేను పాపిష్టిదాన్నైపోయాను. పట్టిచ్చి నాలుగు తిట్టి ఉంటే నేనూ నాలుగు తిట్టేదాన్ని. ఇలా ఊరుకుంటే ఏం చెయ్యను? శ్రావణం మొదలైన వారంలో ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి కడియం వెళ్ళాను.

ఆమె షెడ్డు కింద కూర్చుని నల్లకవర్లలో మట్టి నింపుతోంది. అత్తగారు గుడికి వెళ్ళారట. నన్ను చూసి లేవబోయింది. వద్దని నేనే ఎదురుగా పీట లాక్కుని కూర్చున్నాను.

"కనకాంబరం మొక్క కావాలి" అన్నాను.

"దానికోసం బస్సెక్కి వచ్చావా? ఫోన్ చేస్తే ఆటోలో పంపేదాన్ని కదక్కా."

"ఆ జి నేను కావాలనే రాశాను."

ఆమె చేతులు ఆగలేదు. ఒక కవరు నింపి, నేల మీద రెండుసార్లు తట్టి, పక్కన పెట్టింది. "తెలుసు" అంది.

"ఎప్పుడు తెలిసింది?"

"ఆయన అడిగినప్పుడు నీ మొహం చూశాను."

"మరి నీ మీద ఎందుకేసుకున్నావు? నేను చెడ్డదాన్నీ, నువ్వు మంచిదానివీ అనిపించుకోడానికా?"

క్షమించమని అడగడానికి వెళ్ళి నేను మాట్లాడిన తీరు అది. ఆమె చేతిలో మట్టి కింద పడేసి నావైపు చూసింది. మొదటిసారి ఆ గొంతు చిన్నగా వచ్చింది.

"మంచితనం ఏంటక్కా నీ మొహం. నువ్వు స్టేజీ మీద ఆ ఫోన్ చూసుకుంటూ నోరు తెరుచుకుని నిలబడిపోయావు చూడు, అప్పుడు నేను ఎంత సంబరపడ్డానో తెలుసా? లోపల గంతులేశాను. పదిహేనేళ్ళుగా పాట అంటే చాలు, అందరూ నీవైపు తిరిగిపోతారు. నేను గోడకి ఆనుకుని కూర్చుని చప్పట్లు కొట్టాలి. చేతులు మంటెత్తేవి. ఒక్కసారి, ఒక్కసారి నువ్వు పడిపోతే చూడాలనుకునేదాన్ని. పడిపోయావు, చూశాను. ఆ సంబరంతోనే స్టేజీ ఎక్కానక్కా, అందుకే అంత బాగా వచ్చింది. తర్వాత ఆయన ఫారం చూపిస్తే, నేను ఏ మొహం పెట్టుకుని నిన్ను పట్టిస్తాను?"

ముందు నాకు ఒళ్ళు మండింది. నేను అవమానంతో చచ్చిపోతుంటే పక్కన కూర్చుని గంతులేసిందా అని. అంతలోనే ఇంకొకటి తెలిసింది. ఇన్నాళ్ళూ కుళ్ళుకోవడం నా ఒక్కదాని బుద్ధే అనుకున్నాను. నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి ఒకరున్నారు, నాకంటే ఎంతో ముందునుంచీ, పదిహేనేళ్ళుగా. నాకు సిగ్గేసింది. సిగ్గుతో పాటు, చెప్పకపోతే అబద్ధమవుతుంది, హాయిగా కూడా అనిపించింది. ఎంత హాయిగా అంటే, నోరు ఊరుకోక అడిగేశాను.

"ఏ పాటకి ఎక్కువ మంటెత్తాయి చేతులు?"

నవ్వుతుందనుకున్నాను. ఆమె ఆలోచించనైనా లేదు. "నా సీమంతానికి పాడావు చూడు, దానికి" అంది. "నా సీమంతం అక్కా అది. గాజులు తొడిగేవాళ్ళు తొడగడం ఆపేసి నీవైపు తిరిగిపోయారు. ఒక చేతికి తొడిగి, రెండో చేతికి తొడక్కుండా. నువ్వు పాట అయ్యేదాకా నేను ఆ చెయ్యి అలా చాపుకునే కూర్చున్నాను."

ఆమె మళ్ళీ కవరు తీసుకుని మట్టి నింపడం మొదలుపెట్టింది. ఆ రోజు నాకు బాగా గుర్తుంది. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. ఏ పాట పాడానో, ఏ చరణం మళ్ళీ పాడమన్నారో, ఎవరెవరు కూర్చున్నారో, మా అత్తగారు ఏమన్నారో అన్నీ గుర్తున్నాయి. పీట మీద కూర్చున్న ఆమె ఏ రంగు చీర కట్టుకుందో మాత్రం ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.